మిద్దె మీది కంప్యూటర్‌ను కింద నుంచే నడపడం

అనంతపురం ఎండల్లో మిద్దె పైగదిలో కూర్చుని లెక్కలు చూడటం నావల్ల కాదు. అందుకే అక్కడి కంప్యూటర్‌ను కింద హాల్లోని ల్యాప్‌టాప్ నుంచే నడపాలనుకున్నా. పైదాంట్లో ఉన్నది విండోస్ హోమ్. వేరే మెషీన్ నుంచి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ (ఒక కంప్యూటర్‌ను ఇంకోదాంట్లోంచి చూస్తూ నడిపే విండోస్ సదుపాయం) కనెక్షన్‌ను అది తీసుకోదు, విండోస్ ప్రో కావాలి. దానికి డబ్బు దండగ అనిపించి, అదే పని చేసే, ఉచితంగా దొరికే టైట్‌వీఎన్‌సీ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ పైదాంట్లో వేసి పాస్‌వర్డ్ పెట్టా.

బాగానే నడిచింది, కరెంటు పోయి వచ్చేదాకా. రౌటర్ మళ్లీ ఆన్ అయ్యాక పైదానికి వేరే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) ఇచ్చింది. ల్యాప్‌టాపేమో పాతదాన్నే వెతుకుతోంది. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో (ఒక్కో పరికరానికి ఐపీని కేటాయించి ఉంచే సెట్టింగ్) పై కంప్యూటర్ మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా చేశా. నిద్రపోతే కనెక్ట్ అవదని దాని స్లీప్ కూడా ఆపేశా. టైట్‌వీఎన్‌సీ కనెక్షన్లు తీసుకునే దారి అయిన 5900 పోర్టును మాత్రం ఇంటర్నెట్ వైపు తెరవలేదు. ఎందుకంటే టైట్‌వీఎన్‌సీ స్క్రీన్ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయదు, అంటే ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చదు.