క్రూయిజ్‌కు ముందు బార్సిలోనాలో రెండు రాత్రులు: షెంగెన్ వీసా దరఖాస్తు విధానం

మధ్యధరా సముద్రంలో వారం రోజుల క్రూయిజ్ బుక్ చేసుకున్నవారిని మొదట తికమక పెట్టేది వీసాయే. ఓడ నాలుగు దేశాలు చుట్టి వస్తుంది. దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలి? ఓడ టికెట్ ఒక్కటే చూస్తే ఇది తేలదు. ఓడ ఎక్కే ముందు ఊళ్లో గడిపే ఒకటి రెండు రాత్రులే చాలాసార్లు దీన్ని తేలుస్తాయి.

షెంగెన్ (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి) నిబంధన ప్రకారం, ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. ఒక ఉదాహరణ చూడండి. ఆదివారం బార్సిలోనాలో ఓడ ఎక్కుతారు. సోమవారం మార్సెయ్, ఆ తర్వాత జెనోవా, రోమ్ రేవు చివితావెక్కియా, పలెర్మో, శుక్రవారం మాల్టాలోని వలెట్టా, శనివారమంతా సముద్రం, మళ్లీ ఆదివారం బార్సిలోనా. ఇందులో ఇటలీకి మూడు రోజులు, స్పెయిన్‌కు రెండు, ఫ్రాన్స్‌కు, మాల్టాకు ఒక్కొక్కటి. అంటే ఓడ దగ్గరికి నేరుగా వెళ్లేవారి దరఖాస్తు ఇటలీకి వెళ్లాలి. అదే శుక్రవారం ఉదయమే బార్సిలోనాలో దిగితే స్పెయిన్ లెక్క నాలుగు రోజులవుతుంది, దరఖాస్తు స్పెయిన్‌కు మారుతుంది. ఒక్క రాత్రే ఉంటే మూడుకు మూడు సమానమై, విమానం ఏ దారిన వెళ్తుందన్న చర్చ మొదలవుతుంది. నా సలహా రెండు రాత్రులు. విమానం ఆలస్యమైనా ఓడ మీ కోసం ఆగదు కాబట్టి, వీసా సంగతి పక్కన పెట్టినా అది తెలివైన పనే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారితే జర్మనీకి దరఖాస్తు చేయాలేమోనని కొందరు కంగారుపడతారు. అవసరం లేదు. విమానం మారడం బస కిందకు రాదు. స్పెయిన్ ఇచ్చిన వీసాతో ఫ్రాంక్‌ఫర్ట్ ద్వారా లోపలికి వెళ్లవచ్చు. ఇమ్మిగ్రేషన్ తనిఖీ మాత్రం అక్కడే జరుగుతుంది. ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసాతో ఊళ్లోకి అడుగుపెట్టనివ్వరు. కావలసింది స్వల్పకాలిక ‘సి’ రకం వీసా.

ఎన్ని ఎంట్రీలు అడగాలి?

పై ఉదాహరణలోని రేవులన్నీ షెంగెన్‌లోనివే కాబట్టి సింగిల్ ఎంట్రీ సరిపోతుంది. కానీ ఓడ ట్యునీసియాకో, మొరాకోకో, తుర్కియేలోని కుషాదాసీకో వెళ్లి తిరిగి వస్తే మీరు షెంగెన్ దాటి మళ్లీ ప్రవేశించినట్టు లెక్క. అప్పుడు దరఖాస్తులో మల్టిపుల్ ఎంట్రీ అని రాయాలి, కవరింగ్ లెటర్‌లో కారణంగా ఆ రేవు పేరు చెప్పాలి. ఆ దేశపు వీసా నిబంధనలు వేరుగా చూసుకోవాలి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో ఉంది. పాత సలహాలు చదివి పొరబడవద్దు.

ఎప్పుడు, ఎక్కడ?

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, కొన్ని కేసుల్లో 45 రోజుల దాకా సాగవచ్చు. వేసవి స్లాట్లు త్వరగా నిండిపోతాయి. నేనైతే క్రూయిజ్ కంపెనీ రద్దు గడువు ముందు చూసి, ఆ తేదీకి రెండు నెలల ముందే దరఖాస్తు ఇవ్వమంటాను. వీసా రాకపోతే కనీసం క్యాబిన్ డబ్బు మిగులుతుంది.

స్పెయిన్ దరఖాస్తులను భారత్‌లో బీఎల్‌ఎస్ కేంద్రాలు తీసుకుంటాయి. హైదరాబాద్‌లోనూ ఒకటి ఉంది. ఇటలీ దరఖాస్తులు వీఎఫ్‌ఎస్ ద్వారా వెళ్తాయి. ఇవి కాగితాలు, వేలిముద్రలు తీసుకునే కేంద్రాలు మాత్రమే. నిర్ణయం కాన్సులేట్‌ది. వీసా ఖాయం అని చెప్పే ఏజెంటును అక్కడే వదిలేయండి.

వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపువారికి లేదు. రూపాయల్లో కట్టాలి. కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు.

కాగితాల్లో ఖాళీ ఉండకూడదు

పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయి, యూరప్ నుంచి తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి. రెండు ఖాళీ పేజీలు కావాలి. 35×45 మిల్లీమీటర్ల ఫోటో, సంతకం చేసిన దరఖాస్తు, రానుపోను విమాన రిజర్వేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగులైతే సెలవు మంజూరు లేఖ అందరికీ తెలిసినవే.

క్రూయిజ్ ప్రయాణికులు తడబడేది బస రుజువు దగ్గర. చాలామంది ఓడ టికెట్ జతచేసి ఊరుకుంటారు. ముందు రెండు రాత్రులకు హోటల్ బుకింగ్, ఆదివారం నుంచి ప్రయాణికులందరి పేర్లు, రేవులు, తేదీలు ఉన్న క్రూయిజ్ ధ్రువీకరణ పత్రం, తిరుగు రోజు సాయంత్రమే విమానం లేకపోతే ఆ రాత్రికి మరో హోటల్ చూపాలి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కాగితం మీద కనిపించాలి. దరఖాస్తులో ప్రవేశ తేదీగా ఓడ బయలుదేరే రోజు కాదు, షెంగెన్‌లో అడుగుపెట్టే రోజు రాయాలి. కవరింగ్ లెటర్‌లో రోజువారీ పట్టిక ఒక పేజీకి మించనక్కరలేదు: శనివారం సగ్రాద ఫమీలియా చర్చి, పాత ఊరైన గోతిక్ క్వార్టర్, ఆదివారం మోల్ అదోసాత్ టెర్మినల్‌లో బోర్డింగ్.

ఖర్చుల విషయంలో స్పెయిన్‌కు ఒక లెక్క ఉంది: మనిషికి రోజుకు నెలవారీ కనీస వేతనంలో పదో వంతు. 2025లో ఆ వేతనం 1,184 యూరోలు కాబట్టి రోజుకు సుమారు 118. మన ఉదాహరణలోని పది రోజులకు మనిషికి 1,184 యూరోలు. ఏటా మారే అంకె ఇది, దరఖాస్తు నాటికి సరిచూసుకోండి. దరఖాస్తుకు ముందు వారం ఒకేసారి పెద్ద మొత్తం ఖాతాలో వేస్తే అది బలం కాదు, అనుమానం.

వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ, దిగిన రోజు నుంచి తిరుగు రోజు వరకు ఉండాలి. కొన్ని పాలసీల్లో క్రూయిజ్ ప్రయాణానికి మినహాయింపులు ఉంటాయి. ఆ పేరా చదివాకే కొనండి.

పన్నెండేళ్లు నిండినవారు వేలిముద్రలు ఇవ్వాలి. ఒకసారి ఇస్తే 59 నెలల వరకు మళ్లీ వాడుకుంటారు.

వీసా చేతికి వచ్చాక

స్టిక్కర్ మీద పేరు, తేదీలు, ఎంట్రీల సంఖ్య కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఎంట్రీలు తక్కువైతే ఓడ చెక్‌ఇన్‌లోనే ఆపేయవచ్చు. 2025 అక్టోబర్ 12న యూరప్ సరిహద్దుల్లో ఈఈఎస్ అనే కొత్త నమోదు పద్ధతి మొదలైంది. మొదటిసారి ముఖచిత్రం తీసుకుంటారు కాబట్టి వరుసలో కొంత సమయం పోతుంది. హోటల్, క్రూయిజ్, బీమా కాగితాలు చేతి సంచిలో ఉంచండి, అధికారి అడగవచ్చు.

తిరస్కరిస్తే కారణం గుర్తించిన ఫారం ఇస్తారు. స్పెయిన్ విషయంలో ఒక నెలలోపు అదే కాన్సులేట్‌కు పునఃపరిశీలన కోరుతూ రాయవచ్చు. ఓడ తేదీ దగ్గర పడితే, ఫారంలో చూపిన లోపాన్ని సరిదిద్ది కొత్త దరఖాస్తు పెట్టడమే వేగవంతమైన దారి. ఫీజు మళ్లీ కట్టాలి.