తక్‌పట్టీలు, మెడనొప్పి: నా అనుభవం

పత్తి సీజన్ మొదలైతే చాలు, నా మెడ పట్టేసేది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు తూకం, ధర, రావాల్సిన డబ్బు లెక్కేసి ఇచ్చే చీటీలు రాసే పని నాది. హన్మకొండలో డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముకల్లో తేడా ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రం నిజం. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

మా చెల్లెలు చెబితే ఒక వెల్‌నెస్ కోచ్‌ను కలిశాను. "నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందో వారం రోజులు రాయండి అన్నా" అంది ఆమె. రాశాను. గంటల తరబడి వంగి రాసినప్పటికన్నా, ధర గిట్టలేదని ఒక రైతు నా ముందు నిలబడినప్పుడే మెడ బిగుసుకుంటోంది. మా నాన్న కూడా అలాగే నిలబడేవాడు. ఆ కాగితం చూశాక చాలాసేపు నాకు మాట రాలేదు.

తర్వాత రెండే నేర్పింది. భుజాలు చెవుల దాకా ఎత్తి ఐదు సెకన్లు బిగబట్టి, ఒక్కసారిగా వదిలేయడం. ఇలా కండరాలను బిగించి వదిలే పద్ధతి అమెరికా డాక్టరు ఎడ్మండ్ జేకబ్సన్ రూపొందించింది. రెండోది, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెల దాకా వదలడం. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే వదలడమే నిదానంగా ఉండాలి. (చేతులు తిమ్మిరెక్కినా, ఛాతీ నొప్పి వచ్చినా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి.)

భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ పొద్దున పది నిమిషాలు చేశాను. నెలన్నరకు నిద్ర పట్టింది. నొప్పి అప్పుడప్పుడు వస్తూనే ఉంది. ఇప్పుడు రైతు ఎవరొచ్చినా ముందు స్టూలు జరుపుతాను. "కూసో పెదనాయినా" అన్నాకే లెక్క మొదలుపెడతాను.