వదలని నడుము నొప్పితో మనసు కుంగినప్పుడు ఏం చేయాలి?

నడుము నొప్పి మూడు నెలలు దాటినా తగ్గకపోతే వైద్యులు దానిని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. అప్పటికే చాలామందికి నిద్ర చెడి, చిరాకు పెరిగి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి సన్నగిల్లుతుంది. ఆ స్థితిలో ఉన్నవారితో ‘స్కానింగులో ఏమీ లేదు, అంతా నీ ఊహే’ అని ఇంట్లోవారు అనడం చాలా అన్యాయం. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం నొప్పి శరీరానికీ భావోద్వేగాలకూ సంబంధించిన అనుభవం. కాబట్టి దిగులు ఉన్నంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

ముందుగా ఒక వారంపాటు ఏ పని ఎంతసేపు చేస్తే నొప్పి పెరుగుతోందో, అప్పుడు మనసులో ఏ ఆలోచన మెదిలిందో రాసుకోండి. ‘వంగితే డిస్కు జారిపోతుంది’ అన్న భయంతో కదలడమే మానేస్తే కండరాలు బలహీనపడతాయి, చిన్న పనికే నొప్పి పుడుతుంది, దానితో భయం మరింత బలపడుతుంది.

ఇందుకు విరుగుడు పనిని నొప్పితో కాక గడియారంతో కొలవడం. ఒంట్లో కాస్త బాగున్న రోజున బట్టలు ఉతకడం, ఇల్లు తుడవడం, అటక సర్దడం ఒక్కపూటలో ముగించి, తరువాత రెండు రోజులు మంచం పట్టడం మనలో చాలామందికి అలవాటు. వంటింట్లో 20 నిమిషాలు నిలబడితే నొప్పి మొదలవుతుందని తెలిసినప్పుడు, బాగున్న రోజైనా సరే, 15 నిమిషాలకే కూర్చోండి; కాసేపాగి మళ్లీ లేవండి. వారం గడిచాక ఒకటి రెండు నిమిషాలు పెంచండి. ఈ పద్ధతిలో అన్నిటికంటే కష్టమైనది బాగున్న రోజున ఆగడమే.

రాత్రి నిద్ర పట్టకపోయినా ఉదయం ఒకే వేళకు లేవండి.

దిగులు రెండు వారాలకు మించి ఉంటే ఆ సంగతి వైద్యునికి చెప్పండి. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామంతోపాటు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడానికి తోడ్పడే చికిత్స) వంటి మానసిక చికిత్సలనూ సూచించాయి; వాటిని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రీపగలూ ఉచితమే. కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై అదుపు తప్పినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.