ముక్కు నుంచి రక్తం కారుతుంటే ఎలా ఆపాలి?

ముక్కు నుంచి రక్తం కారగానే మన ఇళ్లల్లో మొదట చేసేది మనిషిని పడుకోబెట్టి తల వెనక్కి వాల్చడం. ఆ తర్వాత నెత్తిన చన్నీళ్లు కొడతారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపిస్తారు, ఇంకొకరు గరిక కోసం పెరట్లోకి పరిగెడతారు. ఇంత హడావిడిలో ముక్కు మాత్రం ఎవరూ పట్టుకోరు. గురుకుల పాఠశాలలో నర్సుగా పనిచేస్తూ ఏటా ఎండలు ముదిరే రోజుల్లో ఇదే చూస్తున్నాను. సరిగ్గా నొక్కి పట్టుకుంటే చాలామందికి పావుగంటలో ఆగిపోతుంది. సరిగ్గా నొక్కడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కావలసినవి

ఒక కుర్చీ, పాత నూలు గుడ్డ, ఒక బేసిన్, కనపడేలా గోడ గడియారం. ఇంతే. దూది వద్దు. ముక్కులో దూది కుక్కితే తీసేటప్పుడు గడ్డకట్టిన రక్తం కూడా దాంతో పాటే ఊడి వస్తుంది. టైం చూడటానికి ఫోన్ కూడా వద్దు, ఫోన్ చేతిలోకి వస్తే ముక్కు మీది పట్టు సడలుతుంది.

కూర్చోబెట్టడం

నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచమనండి. బేసిన్ ఒళ్లో పెట్టండి. ముక్కులో గడ్డలు అడ్డుపడి ఉంటే ఒక్కసారి, మెల్లగా చీదించండి. నోట్లోకి వచ్చిన రక్తం ఉమ్మేయాలి, మింగకూడదు. తల వెనక్కి వాలిస్తే రక్తం ఆగినట్టు కనిపిస్తుంది కానీ నిజానికి గొంతులోకి జారుతుంటుంది. అది కడుపులో చేరితే తిప్పి వాంతి అవుతుంది. ఆ రక్తపు వాంతి చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. స్పృహ సరిగా లేని మనిషికైతే ఊపిరికే అడ్డం పడొచ్చు.

నొక్కడం

అసలు పని ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే.

కళ్లజోడు ఆనే చోట నొక్కుతారు. అక్కడ ఉండేది ఎముక. ఎముకను ఎంతసేపు పట్టుకున్నా లోపల ఏ నాళమూ మూసుకోదు. ముక్కుపుడక కుట్టించుకునే చోటు తెలుసు కదా, మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు రెండోవైపు పెట్టి సరిగ్గా అక్కడ పట్టుకోవాలి. రక్తం ఒకవైపు నుంచే వస్తున్నా రెండు వైపులా కలిపి నొక్కాలి. ఊపిరి నోటితో పీల్చుకోమని చెప్పండి. ముక్కుపుడక ఉంటే ముందే తీసేయండి.

అక్కడే ఎందుకంటే, రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ ఉంటుంది కదా, దాని ముందు భాగంలో, కింది వైపు, నాలుగైదు ధమనుల కొసలు వచ్చి ఒకచోట అల్లుకుంటాయి. పైన పొర చాలా పల్చన. గోరు తగిలినా, జలుబుకి గట్టిగా చీదినా అక్కడే చిట్లుతుంది. 1879లో లిటిల్ అనే అమెరికన్ సర్జన్, ఆ తర్వాత జర్మనీకి చెందిన కీసెల్‌బాఖ్ ఈ చోటును వర్ణించారు. డాక్టర్లు ఇప్పటికీ దీన్ని లిటిల్స్ ఏరియా అనే అంటారు. ముక్కు నుంచి కారే రక్తంలో నూటికి తొంభై వంతులు ఇక్కడి నుంచే వస్తుంది. అంటే మన వేళ్లకు అందే చోటే. అందుకే వేళ్లతోనే ఆగుతుంది.

ఇక ఎంతసేపు అన్నది. పది నిమిషాలు చాలంటారు కొందరు. నేను పదిహేనే అంటాను. పదిహేను నిమిషాలంటే మధ్యలో వదలకుండా పదిహేను. రెండు నిమిషాలకోసారి వేళ్లు తీసి "ఆగిందా?" అని చూడటమే అన్నిటికంటే పెద్ద తప్పు. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి మూత పడటానికి వ్యవధి కావాలి. వేళ్లు తీసిన ప్రతిసారీ ఆ మూత కదిలిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. మానుతున్న పుండు మీద పొక్కు గిల్లినట్టే ఇది. "గంట నుంచి నొక్కుతున్నాం మేడమ్, ఆగట్లేదు" అని తీసుకొచ్చేవాళ్లను అడిగితే, ఆ గంటలో మూడు నిమిషాలు కూడా వరసగా నొక్కి ఉండరు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, పెద్దలు ఎవరి ముక్కు వాళ్లే పట్టుకోవాలి. పక్కవాళ్లు నొక్కితే మరీ గట్టిగానో, మరీ వదులుగానో అవుతుంది. చిన్నపిల్లలకైతే తల్లే ఒళ్లో కూర్చోబెట్టుకుని పట్టుకోవాలి. పిల్లలు ఏడిస్తే రక్తం ఇంకా ఉరుకుతుంది కాబట్టి చుట్టూ కేకలు, కంగారు లేకుండా చూడండి. "ఏం కాదు నాన్నా, నోటితో గాలి పీల్చు" అంటూ గడియారంలో ముల్లు చూపిస్తే చాలామంది పిల్లలు కుదురుగా కూర్చుంటారు.

పదిహేను నిమిషాలయ్యాక మెల్లగా వదలండి. ఇంకా కారుతుంటే ఇంకో పదిహేను నిమిషాలు, అదే పద్ధతి. ఈ రెండోసారికి ముందు పెద్దవాళ్లు ముక్కు దిబ్బడకు వాడే ఆక్సీమెటాజోలిన్ చుక్కలు వేసుకోవచ్చు, అది రక్తనాళాలను కుదిస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, చిన్నపిల్లలకు డాక్టరు చెప్పకుండా వేయకండి.

ఉల్లిపాయ, గరిక, "వేడి" సంగతి

"ఉల్లిపాయ పెట్టగానే ఆగింది" అని చెప్పేవాళ్లు చాలామంది. కొద్దిగా కారే రక్తం చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. ఆగే వేళకు చేతిలో ఉల్లిపాయ ఉండబట్టి పేరు దానికొచ్చింది. పైగా ఆ ఘాటుకి ఒక్క తుమ్ము వచ్చిందంటే కట్టిన గడ్డ కాస్తా ఊడిపోతుంది. గరిక రసం ముక్కులో పిండితే దానితో పాటు మట్టి, మురికి కూడా పచ్చి గాయం మీదకు చేరతాయి. ఐసు ముక్క నోట్లో పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి, కానీ నొక్కడం మాత్రం ఆపకూడదు.

ఒంట్లో వేడి చేసిందనే మాటలో కొంత నిజం లేకపోలేదు, కాకపోతే ఆ వేడి బయటిది. రాయలసీమలో, తెలంగాణలో ఏప్రిల్, మే వడగాలికి ముక్కులోని పొర ఎండి పగులుతుంది. రాత్రంతా ఏసీలో పడుకున్నా అంతే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదే బాధ చలికాలంలో వస్తుంది, హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిబారుతుంది కాబట్టి. మజ్జిగ, సబ్జా నీళ్లు శుభ్రంగా తాగండి, మంచిదే. కానీ తడి అందాల్సింది ముక్కు లోపలికి.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

అరగంట సరిగ్గా నొక్కినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. తలకు దెబ్బ తగిలాక రక్తం వస్తే, కళ్లు తిరుగుతుంటే, రక్తం ధారగా పోతుంటే అరగంట కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు త్వరగా చూపించుకోవాలి. అలాగని ఆ మాత్రలు సొంతంగా మానేయకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు ముక్కు నుంచి రక్తం రావడం మామూలు విషయం కాదు, తప్పకుండా చూపించాలి.

పెద్ద వయసువాళ్లకు తల ముందుకు వంచినా రక్తం గొంతులోకే వస్తుంటే అది ముక్కు వెనక భాగం నుంచి వస్తోందన్నమాట. అక్కడికి వేళ్లు అందవు. ఆ కంగారులో బీపీ ఎలాగూ పెరిగి ఉంటుంది. దాన్ని చూసి అదనంగా బీపీ మాత్ర మింగించకండి.

జ్వరంతో పాటు ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం వస్తే డెంగీ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. జ్వరానికి ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోవద్దు, పారాసిటమాల్ ఒక్కటే.

చిన్నపిల్లలకు ఒకే వైపు నుంచి దుర్వాసనతో చీము, రక్తం వస్తుంటే లోపల శనగగింజో చింతగింజో ఇరుక్కుని ఉంటుంది. ఇంట్లో పుల్లలతో కెలకకండి. అది బటన్ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, వెంటనే తీయించాలి. టీనేజ్ మగపిల్లలకు ఒకవైపు ముక్కు మూసుకుపోయి, మాటిమాటికీ రక్తం పోతుంటే ఈఎన్‌టీ డాక్టరు చూడాల్సిందే. ఆ వయసులో రక్తనాళాలతో నిండిన ఒక రకం గడ్డ ముక్కు వెనక పెరగొచ్చు. అది క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే ముదురుతుంది.

ఆగిన తర్వాత

ఆ రోజంతా చీదకూడదు, ముక్కులో వేలు పెట్టకూడదు, బరువులెత్తకూడదు. వేడివేడి టీ, కాఫీ వద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. రాత్రి రెండు దిండ్లు వేసుకుని పడుకోవాలి. మర్నాటి నుంచి ఓ వారం పాటు పొద్దున, సాయంత్రం సెలైన్ చుక్కలు (ముక్కులో వేసుకునే ఉప్పునీటి చుక్కలు) వేసి, బఠాణీ గింజంత వాజెలీన్ మధ్య గోడకు ముందు భాగంలోనే పల్చగా రాయండి. నెయ్యి, కొబ్బరినూనె నేను ఒప్పుకోను, అవి కారి లోపలికి పోతాయి. పిల్లల గోళ్లు కత్తిరించండి.

తరచూ ఇలాగే అవుతుంటే డాక్టరు చిట్లే నాళం చూసి సిల్వర్ నైట్రేట్ అనే రసాయనంతో దాన్ని కాల్చి మూసేస్తారు. మత్తు మందు రాసి చేసే చిన్న పని, భయపడనక్కర్లేదు. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. రక్తం ముందు ఏ వైపు నుంచి మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి, డాక్టరు మొదట చూసేది ఆ వైపే.