తెర వెలగని పాత కెమెరా: డిస్‌ప్లే కొనే ముందు స్ట్రిప్ చూడండి

డిస్‌ప్లే పోయిందని తక్కువ ధరకు ఇస్తున్న కెమెరా చేతికొస్తే ముందు ఒకటి తేల్చుకోవాలి. పోయింది బొమ్మ చూపే ప్యానెలా, దాని వెనక లైటా, తెరను బోర్డుకు కలిపే రిబ్బన్ లాంటి సన్న కేబుల్, అంటే స్ట్రిప్పా, లోపలి ప్రధాన బోర్డా? ఇది తేలకుండా ప్యానెల్ తెప్పిస్తే డబ్బు పోతుంది, కెమెరా అలాగే ఉంటుంది.

ఆ పరీక్షకు పూర్తిగా చార్జింగ్ ఉన్న బ్యాటరీ, ఒక కార్డు, సెల్‌ఫోన్ టార్చి చాలు. కెమెరా ఆన్ చేసి మెనూ నొక్కండి. చీకటిగా ఉన్న తెర మీద టార్చి వెలుగు ఏటవాలుగా వేసినప్పుడు అక్షరాలు లీలగా కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉంది, లైటో దాని సన్న స్ట్రిప్పో పోయింది. సిరా ఒలికినట్టు నల్ల మచ్చ ఉంటే ప్యానెల్ పగిలింది, మార్చడం తప్ప దారి లేదు. తెర తెల్లగా వెలగడం, గీతలు రావడం, వచ్చిపోతూ ఉండటం చాలావరకు స్ట్రిప్ లక్షణాలు. మెనూ శుభ్రంగా ఉండి లైవ్ వ్యూ (ఎదుటి దృశ్యం అప్పటికప్పుడు తెర మీద కనిపించడం), తీసిన ఫొటోలు మాత్రమే చెడిపోతే తప్పు సెన్సర్ వైపు ఉంది, అలాంటిది కొనకండి.

హెచ్‌డీఎంఐ ఉంటే టీవీకి పెట్టి చూడండి. అక్కడ బొమ్మ సరిగా వస్తే ప్రధాన బోర్డు పనిచేస్తున్నట్టే. కేబుల్ పెట్టగానే వెనక తెర ఆరిపోవడం చాలా మోడళ్లలో మామూలే, దాన్ని లోపం అనుకోవద్దు. డిస్‌ప్లే బటన్‌తో తెర ఆపేసి ఉందేమో, కన్ను దగ్గరికి రాగానే తెర ఆపేసే, వ్యూఫైండర్ పక్కనున్న కంటి సెన్సర్ మీద మురికి పేరుకుందేమో కూడా చూడండి. గుడ్డతో తుడిస్తే తీరే పనికి ఎవరూ విప్పించుకోకూడదు.

క్యానన్ 600డీ, నికాన్ డీ5300 వంటి తిరిగే తెరల కెమెరాల్లో ముందుగా అనుమానించాల్సింది తెరను బాడీకి కలిపే కీలు. స్ట్రిప్ ఆ కీలులోంచే మెలి తిరిగి పోతుంది. ఏళ్ల తరబడి మడిచి తెరిచేసరికి లోపలి సన్నని రాగి దారులు విరుగుతాయి. తెరను నెమ్మదిగా తిప్పుతూ ఏ కోణంలో వెలుగుతుందో, ఎక్కడ ఆరుతుందో గమనించండి. కోణాన్ని బట్టి మారితే స్ట్రిప్ తెగుతున్నట్టే. దానికి సోల్డర్ అతుకు నిలవదు, మళ్లీ అక్కడే వంగుతుంది. కొత్త స్ట్రిప్ వేయించాలి, లేదా కీలుతో కలిపి మొత్తం తెర యూనిట్ మార్చాలి. యూనిట్‌కు ఖర్చు ఎక్కువే అయినా కీలు కూడా వదులై ఉంటే అదే మేలు.

కళింగపట్నం, బారువ, భీమిలి వైపు తీరంలో వాడిన కెమెరా అయితే కనెక్టర్ దగ్గర పచ్చటి చిలుము చూడండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని బ్రష్‌తో తుడిస్తే పైపైన ఉన్నది పోతుంది. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లు ఉంటాయి.

స్వయంగా విప్పాలనుకుంటే బ్యాటరీ, కార్డు తీసేయండి. తిరిగే తెరల్లో చాలావాటికి తెర డబ్బా ఒక్కటే విప్పితే సరిపోతుంది, బాడీ జోలికి పోనక్కర్లేదు. బాడీ విప్పాల్సి వస్తే ఫ్లాష్ కెపాసిటర్‌తో (ఫ్లాష్‌కు కరెంటు నిల్వ ఉంచే భాగం) జాగ్రత్త. బ్యాటరీ తీశాక కూడా అందులో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. చేతికి తగలకుండా 2 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను దాని రెండు కాళ్లకు 5 సెకన్లు ఆనించి, మల్టీమీటర్‌తో 10 వోల్టుల లోపు ఉందని చూసుకోండి. ఈ పని అలవాటు లేనివాళ్లు ఇక్కడే ఆగి మెకానిక్‌కు ఇవ్వడం మంచిది.

జపాన్ కెమెరాల స్క్రూలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) బిట్లు, 00, 000 సైజులు కావాలి. మామూలు ప్లస్ బిట్ జారి తల చెడగొడుతుంది. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి. కాగితం మీద కెమెరా బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. పొట్టి దాని చోట పొడుగుది బిగిస్తే అది లోపలి బోర్డులోకి దిగుతుంది. కనెక్టర్ గొళ్లెం గోటితో పైకెత్తాకే స్ట్రిప్ లాగండి. కొత్తది తిన్నగా, చివరిదాకా దూర్చి గొళ్లెం మూయండి. కాస్త వంకరగా కూర్చున్నా తెర తెల్లబడుతుంది. మూత బిగించే ముందే బ్యాటరీ పెట్టి చూడండి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కలైనా, విజయనగరం గంటస్తంభం వైపైనా సెల్ రిపేరు వాళ్లను అడిగి చూడొచ్చు. మైక్రోస్కోప్ ఉండి, ఫోన్ డిస్‌ప్లే కనెక్టర్లు మార్చే చేయి అయితే స్ట్రిప్ పని చేయగలదు. సెన్సర్, మిర్రర్, షట్టర్ వైపు వెళ్లాల్సిన కెమెరాను మాత్రం విశాఖలో కెమెరాలే బాగుచేసే చోటికి తీసుకెళ్లండి. స్పేర్ తెప్పించేటప్పుడు కెమెరా అడుగున ఉన్న మోడల్ నంబరు ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా ఇవ్వండి. ఒకే సిరీస్‌లోనూ స్ట్రిప్‌లు వేరుగా ఉంటాయి. "పాత స్ట్రిప్ నాకే ఇచ్చేయండి" అని ముందే చెప్పండి. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే తెరను 20 సార్లు తిప్పండి, 10 నిమిషాలు లైవ్ వ్యూ నడపండి, తెర అద్దం కింద దుమ్ము చిక్కుకుందేమో వెలుగులో చూడండి. దుమ్ము కనిపిస్తే అక్కడే విప్పించి బ్లోయర్‌తో ఊదించండి.