బెజవాడ ఎండలో తొలి సీజన్: ముందు చెమట తూచుకోండి

ప్రొఫెషనల్ సైక్లిస్టుగా తొలి సీజన్‌కి సిద్ధమవుతున్నవాళ్లు చక్రాల బరువు కంటే ముందు గంటకి ఎంత చెమట పోతోందో తెలుసుకోవాలి. మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా కాటా ఎక్కండి. కరకట్ట మీద గంటసేపు రేసు వేగంతో తొక్కి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ ఎక్కండి. తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు కాదు, రేసు జరిగే వేళకే. తగ్గిన ప్రతి కిలోకి ఒక లీటరు చెమట పోయినట్టు, దానికి మధ్యలో తాగింది కలపాలి. 1.2 కిలోలు తగ్గి, 500 మి.లీ. తాగి ఉంటే పోయింది 1.7 లీటర్లు.

అంతా తిరిగి తాగక్కర్లేదు, కడుపు పట్టదు కూడా. ఒంటి బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. బరువు పెరిగితే మాత్రం అనుమానించాల్సిందే: ఉత్త నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు దాని గుర్తులే.

తొక్కేటప్పుడు తాగడానికి 750 మి.లీ. నీళ్ల బాటిల్‌కి పంచదార 45 గ్రాములు, ఉప్పు పావు టీస్పూను (సుమారు 1.5 గ్రాములు), ఒక నిమ్మచెక్క రసం. పంచదార మరీ ఎక్కువైతే నీళ్లు పొట్టలోనే నిలిచి గుడగుడలాడతాయి. బలానికి ఇంకా కావాలంటే అరటిపండు తినండి, బాటిల్‌ని పానకం చేయకండి.

ఎండకి ఒళ్లు అలవాటు పడటానికి 10-14 రోజులు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది కాబట్టి పాత లెక్క చెల్లదు, మళ్లీ తూచాలి. ఇంటికి రాగానే బాటిల్ మూత విప్పి వేడినీళ్లతో కడగండి, తీపి నీళ్లకి బూజు ఇట్టే పడుతుంది.