నవాహో కాలేజీలో వ్యసన కౌన్సెలింగ్ పాఠం చెప్పబోతున్నారా?

అమెరికాలో నవాహో ఆదివాసీల స్వపాలన ప్రాంతమైన నవాహో నేషన్‌లోని కాలేజీలో వ్యసన కౌన్సెలింగ్ కోర్సు మీ చేతికి వచ్చిందంటే సిలబస్ తర్వాత, ముందు మీ ఎదురుగా కూర్చోబోయేది ఎవరో తెలుసుకోండి. వాళ్లలో చాలామందికి తాగుడు ఇంట్లోనో పక్కింట్లోనో కళ్లారా చూసిన సంగతి, కొందరు తామే మానేసి బయటపడి ఈ చదువుకి వచ్చినవాళ్లు. ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగం చేసి, రేపు సొంత మేనమామకో చిన్ననాటి స్నేహితురాలికో కౌన్సెలింగ్ చెయ్యాల్సి వచ్చేవాళ్లు. మామూలు పాఠ్యపుస్తకం మాత్రం కౌన్సెలర్ అంటే క్లయింటుకి ఏ సంబంధమూ లేని బయటి మనిషి అనుకుని రాస్తుంది. కోర్సులో మార్చాల్సింది ముందుగా అదే.

మొదటి క్లాసులో పేర్లు గబగబా చెప్పించి ముందుకెళ్లిపోకండి. నవాహోలు (వాళ్లు తమని డినే అని చెప్పుకుంటారు) పరిచయం చేసుకునేటప్పుడు నాలుగు వంశాలు చెబుతారు: తల్లిది, తండ్రిది, తల్లి తండ్రిది, తండ్రి తండ్రిది. అది వింటూనే అప్పటిదాకా ముఖపరిచయం లేని ఇద్దరు అక్కాచెల్లెళ్లో తాతామనవలో అయిపోతారు, ఆ వరస నిజంగానే పాటిస్తారు కూడా. ఇలాంటి చోట 'బంధువులకి కౌన్సెలింగ్ చెయ్యకూడదు' అని ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తే మీ విద్యార్థికి పని చెయ్యడానికి మనిషే మిగలడు. ఎంత దగ్గరి చుట్టరికమైతే కేసు వేరేవాళ్లకి అప్పగించాలి, అప్పగించడానికి వంద మైళ్లలో ఎవరూ లేకపోతే సూపర్‌వైజర్‌తో ఏం మాట్లాడి ఫైల్లో ఏం రాసుకోవాలి, చాప్టర్ హౌస్ (ఊరివాళ్లు కూడే స్థానిక పాలనా భవనం) మీటింగులో క్లయింటు ఎదురైతే ముందు పలకరించాల్సింది ఎవరు... ఇవన్నీ క్లాసులో నటింపజేసి నేర్పండి. వ్యసన చికిత్స రికార్డుల గోప్యత గురించిన ఫెడరల్ నిబంధన, 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2, ఇక్కడే చెప్పండి. 'మా వాడు మీ దగ్గరికి వస్తున్నాడా?' అని సొంత పెద్దమ్మ అడిగితే ఏం చెప్పాలో తేలినప్పుడే ఆ నిబంధన వాళ్లకి వంటబడుతుంది.

కేసులు కూడా ఈ నేల మీదవే రాసుకోండి. నవాహో నేషన్ దాదాపు 27,000 చదరపు మైళ్లు, అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడింట్లోకీ పరుచుకుని ఉంటుంది. అందులో దాదాపు అంతటా మద్యం అమ్మడం నిషేధం, అందుకని తాగేవాళ్లు గ్యాలప్, ఫార్మింగ్టన్ లాంటి సరిహద్దు ఊళ్లకి వెళ్తారు. సరుకులకి వెళ్లాల్సిందీ ఆ ఊళ్లకే. కాబట్టి 'మందు దొరికే చోటికి వెళ్లకండి' అన్న సలహా ఇక్కడ చెల్లదు. జీతం పడిన రోజు కాకుండా ఇంకో రోజు వెళ్లడం, తాగని చుట్టంతో కలిసి వెళ్లడం, చీకటి పడకముందే తిరిగొచ్చేయడం, ఇలాంటి ప్లాన్ రాయించండి. చలికాలంలో తాగి బయట పడిపోయి గడ్డకట్టి చనిపోయినవాళ్లున్న ప్రాంతం ఇది, ఆ ప్లాన్‌లో తిరుగుప్రయాణం ఉండి తీరాలి.

ఇక మాట తీరు. నేనైతే సెమిస్టర్‌లో ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. హోజో, అంటే అన్నీ సామరస్యంగా, అందంగా, ఆరోగ్యంగా ఉండే స్థితి, డినే ఆలోచనకి మూలం. చెడు మాట నోట పలికితే అది జరుగుతుందని సంప్రదాయం పాటించేవాళ్లలో చాలామంది నమ్మకం. జబ్బు గురించి చెడు కబురు చెప్పడం మీద నవాహోలు ఏమంటారో పరిశోధకులు అడిగి చూసి 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాస్తే, తేలింది కూడా ఇదే. అలాంటి పెద్దాయనతో 'ఇలాగే తాగితే లివర్ పోతుంది, ఏడాది బతకవు' అంటే అది ఆయన చెవికి శాపంలా వినబడుతుంది. 'ఇలా తాగిన కొందరికి ఇబ్బంది వచ్చింది, మానేసిన కొందరు మళ్లీ గొర్రెల్ని చూసుకుంటున్నారు, మీకేం కావాలనుంది?' అని అడగడం నేర్పండి. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే ఎందుకు మారాలో క్లయింటు నోటే చెప్పించేలా ప్రశ్నలడిగే పద్ధతి, దీనికి బాగా కుదురుతుంది, ఆ పద్ధతికి ఆద్యుడైన విలియం మిల్లర్ పక్కనే ఉన్న న్యూ మెక్సికో యూనివర్సిటీలో పనిచేసినవాడే. మౌనాన్ని మొండితనం అనుకోవద్దనీ, కళ్లలోకి చూడకపోవడం చాలాసార్లు మర్యాదేననీ ముందే చెప్పండి. ఓవర్‌డోస్ పాఠం మాత్రం దాటెయ్యకండి. ఫెంటనిల్ అనే చాలా తీవ్రమైన మత్తుమందు ఇక్కడికీ వచ్చింది, అలాంటి ఓవర్‌డోస్‌కి విరుగుడైన నాలోక్సోన్ వాడటం ప్రతి ఒక్కరికీ చేతికి రావాలి, దాన్ని మనవాళ్లని కాపాడుకునే పనిగా చెప్పండి.

కుటుంబ వృక్షం గీయమనే అసైన్‌మెంట్ ఉంటుంది కదా, మూడు తరాల్లో ఎవరు తాగారు, ఎవరు ఎలా పోయారు అని. చనిపోయినవాళ్ల ఊసెత్తకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. అందుకే దాన్ని ఐచ్ఛికం చెయ్యండి, లేదా ఒక కల్పిత కుటుంబం మీద గీయించండి.

చరిత్ర చెప్పాలి: 1864లో ఇళ్లనుంచి వెళ్లగొట్టి న్యూ మెక్సికోలోని బాస్కే రెడోండో నిర్బంధ శిబిరానికి నడిపించిన లాంగ్ వాక్, 1868 ఒప్పందంతో తిరిగిరావడం, పిల్లల్ని ఇంటికి దూరం చేసిన బోర్డింగ్ స్కూళ్లు, 1930ల్లో ప్రభుత్వం గొర్రెల్ని బలవంతంగా తగ్గించడం. 'మా రక్తంలోనే ఉంది' అనే మాట మీ విద్యార్థులే అంటారు. ఆదివాసీలకి మద్యం పడని ప్రత్యేక జన్యువు ఉందన్నది నిరూపణ కాని మాట అనీ, అసలు తాగనివాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారనీ అప్పటికప్పుడే చెప్పండి.

పెయోటీ అనే, భ్రాంతులు కలిగించే కాక్టస్ మొక్క విషయంలో కొత్త టీచర్లు తడబడతారు. ఆదివాసీల మతసంస్థ అయిన నేటివ్ అమెరికన్ చర్చిలో అది పవిత్రమైన ఔషధం. 1940లో నవాహో కౌన్సిలే నిషేధించింది, 1967లో మతపరమైన వాడకానికి ఒప్పుకుంది, 1994లో ఫెడరల్ చట్టం కూడా రక్షణ ఇచ్చింది. ఆ పూజల్లో కూర్చునే తాగుడు మానేసినవాళ్లున్నారు. కాబట్టి అసెస్‌మెంట్ ఫారంలో దాన్ని మత్తు అలవాటుగా నమోదు చెయ్యకూడదు. అలాగని ప్రతి క్లయింటుకీ పూజలే కావాలనుకోవడమూ తప్పే, క్రైస్తవులున్నారు, రెండూ పాటించేవాళ్లున్నారు, ఏదీ వద్దనేవాళ్లూ ఉన్నారు. అడగాలి. పూజల గురించి మీరు పాఠం చెప్పకండి, అది తెలిసిన పెద్దల్ని కాలేజీ ద్వారా పిలిపించండి, ఎప్పుడు ఏది చెప్పొచ్చో వాళ్లకే వదిలెయ్యండి. కొన్ని కథలు చలికాలంలోనే చెప్పాలి.

చికిత్స ప్రణాళికకి కొత్త చట్రం వెతుక్కోనక్కర్లేదు. 1968లో మొదలైన డినే కాలేజీ, అమెరికాలో ఒక తెగ తానే నడుపుకున్న మొదటి కాలేజీ, తన చదువుని నాలుగు దశల్లో నడుపుతుంది: ఆలోచన, ప్రణాళిక, ఆచరణ, వెనక్కి తిరిగి చూసుకోవడం. నాలుగు దిక్కులతో ముడిపడిన ఈ వరస విద్యార్థులకి తెలిసిందే. క్లయింటు ఫైల్ కూడా అదే వరసలో రాయించండి.

ఇంకొకటి, కచ్చితంగా చెప్పాల్సింది. చికిత్స ఇప్పిస్తామని ఆదివాసీల్ని వ్యాన్లలో ఎక్కించుకుని ఫీనిక్స్ ప్రాంతపు ఇళ్లలో పెట్టి, అరిజోనా మెడికెయిడ్‌కి (పేదల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) దొంగ బిల్లులు వేసిన మోసాన్ని 2023 మేలో ఆ రాష్ట్ర గవర్నరు, అటార్నీ జనరల్ బయటపెట్టారు. అక్కడ చిక్కుకున్న తమవాళ్లని వెతకడానికి నవాహో నేషన్ ఆపరేషన్ రెయిన్‌బో బ్రిడ్జ్ మొదలుపెట్టింది. అందుకే రెఫర్ చేసే ముందు లైసెన్సు చూడటం, ఫోన్ చేసి అక్కడ రాత్రిపూట ఎవరుంటారో, ఇంటికి రావాలంటే ఎవరు పంపిస్తారో అడగడం, వెళ్లినవాళ్ల ఇంటివాళ్లతో వారానికోసారి మాట్లాడటం పరీక్షలో మార్కులున్న పనులుగా పెట్టండి.

లైసెన్సు నిబంధనలు మూడు రాష్ట్రాల్లో మూడు రకాలు, ఎవరు ఎక్కడ పని చెయ్యాలనుకుంటున్నారో మొదటి నెలలోనే అడిగి ఆ బోర్డు పేజీ దగ్గరుండి చదివించండి. ఇంటర్నెట్ అందని ఇళ్లు చాలా ఉన్నాయి, పాఠాలు కాగితం మీద కూడా ఇవ్వండి. ఇంట్లో పూజ ఉండి నాలుగు రోజులు రాలేకపోయినవాళ్ల హాజరు కొయ్యకండి.